షాపింగ్ కాంప్లెక్సా, మురుగు కాలువా? వార్డు నిధిని ముందు దేనికి ఖర్చు పెట్టాలి

ప్రశ్న: మాది నగరంలో బాగా వెనకబడ్డ వార్డు. ఒకప్పుడు ఇక్కడి మిల్లే అందరికీ ఆధారం. అది మూతపడ్డాక మెయిన్ రోడ్డు మీద షట్టర్లు ఒక్కొక్కటిగా దిగిపోయాయి. పనిచేసే వయసు వాళ్లంతా పొద్దున్నే బస్సెక్కి నగరం అవతలికి పోతున్నారు. ఇప్పుడు నగరపాలక సంస్థ మా వార్డుకి ప్రత్యేక నిధి ఇస్తామంటోంది. రెండు నెలల్లో మీ ప్రాధాన్యాలు రాసివ్వండని అడిగింది. మా సంక్షేమ సంఘానికి నేను కార్యదర్శిని. వ్యాపారులు షాపింగ్ కాంప్లెక్స్ కావాలంటున్నారు. కుర్రాళ్లు శిక్షణ కేంద్రం అంటున్నారు. పెద్దవాళ్లు ఏదైనా ఫ్యాక్టరీ తెప్పించాలంటున్నారు. ఆడవాళ్లు మురుగు కాలువ, వీధి దీపాలు, పిల్లల్ని చూసుకునే చోటు అడిగితే, ‘అవి ఆర్థికాభివృద్ధి కిందికి రావు’ అని పక్కన పెట్టేస్తున్నారు. దేన్ని ముందు పెట్టాలి? వార్డు బాగుపడితే అద్దెలు పెరిగి చివరికి మేమే ఖాళీ చేయాల్సి వస్తుందేమోనన్న టెన్షన్ కూడా ఉంది. – ఒక పాఠకురాలు

జవాబు: ఆడవాళ్లు అడుగుతున్నవే మొదట పెట్టండి. మురుగు కాలువ, వీధి దీపాలు, పిల్లల్ని చూసుకునే చోటు ముమ్మాటికీ ఆర్థికాభివృద్ధిలో భాగమే. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే అన్నిటికంటే త్వరగా ఫలితం కనిపించేది కూడా వాటివల్లే. షాపింగ్ కాంప్లెక్స్‌ని ఈ విడత జాబితాలోంచి తీసేసినా నష్టం లేదు. ఇక అద్దెల గురించి మీ భయం పూర్తిగా సమంజసం. దాని సంగతి పనులయ్యాక చూద్దాంలే అనుకుంటే కుదరదు, మొదటి గంప మట్టి తీయకముందే కాగితం మీదికి రావాలి. సంఘంలో నిలబడి వాదించాల్సింది మీరు కాబట్టి కారణాలు కాస్త వివరంగానే రాస్తున్నాను.

వార్డులో ఇంకా తెరిచి ఉన్న షట్టర్లలో ఒకదాన్ని దగ్గరగా చూడండి. అందులో ఒకావిడ కుట్టుమిషన్ పెట్టుకుందనుకుందాం. గట్టి వాన పడితే కాలువ పొంగి గడప దాకా మురుగు వస్తుంది. మిషన్ ఎత్తు మీదికి చేర్చడం, బట్టలు పైకి సర్దడం, నీళ్లు తగ్గాక కడుక్కోవడం, వీటితోనే ఓ పూట పోతుంది. మర్నాడు కూడా ఆ వాసనకి ఎవరూ రారు. వీధి దీపం వెలగదు కాబట్టి చీకటి పడగానే షట్టర్ దించేస్తుంది. పనులకు వెళ్లినవాళ్లు బస్సు దిగి చేతిలో డబ్బుతో ఇళ్లకు నడిచే వేళ సరిగ్గా అదే. చిన్నపిల్లను చూసేవాళ్లు లేక మధ్యాహ్నం ఓ రెండు గంటలు మూసే ఉంచుతుంది. ఆమెకి పని వచ్చు, మిషన్ ఉంది, తెలిసిన ఖాతాదారులున్నారు. లేనిదల్లా పనిచేసుకునే గంటలు. ఇలాంటి దుకాణాలు మీ రోడ్డు మీద ఓ ఇరవై ఉన్నాయనుకోండి. ఒక్కోదానికి రోజుకి రెండు మూడు గంటలు తిరిగి ఇవ్వగలిగితే, కొత్తగా ఒక్క షట్టర్ ఎత్తకుండానే వార్డు సంపాదన పెరుగుతుంది. ఆర్థికాభివృద్ధి కిందికి రాదన్నవారికి ఈ లెక్క చెప్పండి.

అవకాశం దొరికినచోట జనం కూడా ఇదే కోరుకున్నారు. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె నగరంలో 1989 నుంచి బడ్జెట్‌లో కొంత భాగాన్ని దేనికి ఖర్చు పెట్టాలో ప్రజలే సమావేశాల్లో తేల్చే పద్ధతి మొదలైంది. పేద పేటల వాళ్లు పట్టుబట్టి అడిగినవి నీళ్లు, మురుగు పారుదల, రోడ్లు. 1988లో నీటి, మురుగు కనెక్షన్లున్న ఇళ్లు అక్కడ 75 శాతం. 1997 నాటికి 98 శాతం అయ్యాయి.

ఇంతకంటే మీకు దగ్గరగా అనిపించే అనుభవం కరాచీలోని ఒరంగీది. ప్రభుత్వ ప్రణాళికలో లేకుండా పెరిగిన పెద్ద పేట అది. 1980లో సామాజిక కార్యకర్త అఖ్తర్ హమీద్ ఖాన్ అక్కడ పని మొదలుపెట్టినప్పుడు జనం చెప్పిన సమస్యల్లో ముందున్నది మురుగే. ప్రభుత్వం వచ్చి ఉచితంగా వేస్తుందని జనం ఎదురుచూస్తున్నారు, ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు. ఆయన బృందం ఒక్కో సందును ఒక్కో జట్టుగా తీసుకుంది. సందులో ఇరవై ముప్ఫై ఇళ్లు. ఆ ఇళ్లవాళ్లే తమలో ఒకరిని బాధ్యుడిగా ఎన్నుకుంటారు, ఆ మనిషి డబ్బు వసూలు చేస్తాడు, లెక్క చూపిస్తాడు, పని చేయిస్తాడు. డిజైన్, కొలతలు, పరికరాలు, సలహా మాత్రం ఆయన సంస్థవి. కాంట్రాక్టరు లాభం తీసేసి డిజైన్ సులువు చేసేసరికి, ప్రభుత్వ అంచనాలో కొద్ది భాగంతోనే పని అయిపోయింది. ఇంట్లో మరుగుదొడ్డి, సందులో పైపు, వాటిని కలిపే చిన్న కాలువ జనం బాధ్యత. పెద్ద కాలువలు, శుద్ధి ప్లాంటు ప్రభుత్వ బాధ్యత. ఈ విభజనే అసలు పాఠం. మొత్తం భారం జనం మీద వేయమని దీని అర్థం కాదు. పన్ను కడుతున్నవాళ్లకి ప్రధాన కాలువ అడిగే హక్కు ఉంది, మీ సంఘం దాన్ని గట్టిగా అడగాలి. కానీ ఏ పని ఎవరిదో ముందే గీత గీసుకుంటే ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ ఏళ్లు గడిచిపోవు. అదే సంస్థ 1987 నుంచి చిన్న వ్యాపారాలకు అప్పులివ్వడం కూడా మొదలుపెట్టింది. అప్పటికి సందుల్లో ఎవరు మాట మీద నిలబడతారో తెలిసి ఉంది.

ఇక షాపింగ్ కాంప్లెక్స్. వ్యాపారుల బాధ నాకు అర్థమైంది. గిరాకీ ఉన్న చోటికి జనం వెళ్లిపోతున్నారు కాబట్టి ఆ గిరాకీనే ఇక్కడికి తేవాలని వాళ్ల ఆలోచన. అయితే మీ వార్డులో కొరత దుకాణాలకా, కొనేవాళ్ల చేతిలో డబ్బుకా? షట్టర్లు ఒక్కొక్కటిగా దిగిపోయాయని మీరే రాశారు. అలాంటి చోట ఇంకో వంద షట్టర్లు కడితే, వచ్చే గిరాకీ ఏదైనా ఉంటే అది ఇప్పుడున్న దుకాణాల నుంచే వస్తుంది. కాంప్లెక్స్ అద్దె కట్టగలిగేది బయటి చైన్ స్టోర్లు, వాటి లాభం ఆ సాయంత్రానికే వార్డు దాటిపోతుంది.

ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్ ఏళ్ల తరబడి ఇలాంటి కల మీదే కూర్చుంది. ఊరి నడిబొడ్డున భారీ షాపింగ్ ప్రాజెక్టు వస్తుంది, అన్నీ అదే చక్కబెడుతుంది అనుకున్నారు. ముఖ్యమైన పెద్ద దుకాణం తప్పుకోవడంతో 2011లో అది కుప్పకూలింది. అప్పుడు కౌన్సిల్ వేరే దారి పట్టింది. ఎక్కడికీ తరలిపోని పెద్ద సంస్థలు ఊళ్లోనే ఉన్నాయి కదా: కౌన్సిళ్లు, పోలీసు శాఖ, కాలేజీలు, గృహ వసతి సంస్థ. ఇవి ఏటా ఖర్చు పెట్టే డబ్బు ఎటు పోతోందో లెక్క తీశారు. 2012–13లో అందులో ప్రెస్టన్‌లోని వ్యాపారాలకు దక్కింది 5 శాతం మాత్రమే. కొనుగోలు పద్ధతులు మార్చుకుంటూ వెళ్తే 2016–17కి అది 18 శాతం దాటింది. కొత్త డబ్బేమీ దిగిరాలేదు, ఎలాగూ ఖర్చయ్యే డబ్బులో ఎక్కువ వాటా ఊళ్లో ఆగింది.

చిల్లుకుండలో ఎన్ని నీళ్లు పోసినా ఏం లాభం? మీ వార్డుకి వచ్చే జీతాలు, పింఛన్లు, ప్రభుత్వ ఖర్చు ఎంత వేగంగా బయటికి పోతున్నాయో చూడకుండా కొత్త నిధి తెస్తే దాని గతీ అంతే అవుతుంది. అందుకని నా జాబితాలో రెండో ప్రాధాన్యం, మీ చుట్టుపక్కల ఉన్న పెద్ద కొనుగోలుదారులు. ఆసుపత్రి, బడులు, కాలేజీ, నగరపాలక సంస్థ కార్యాలయం, బస్ డిపో. వీళ్లకి దుప్పట్లు, యూనిఫారాలు, ప్రింటింగ్, ఫర్నిచర్ రిపేర్లు, పెయింటింగ్, తోటపని, శుభ్రత కావాలి. ఇవన్నీ చేసేవాళ్లు మీ సందుల్లోనే ఉంటారు. మరి ఆర్డరు ఎందుకు రాదు? టెండరు కాగితం ఒకసారి తెప్పించుకుని చదవండి. గత మూడేళ్ల టర్నోవర్ ఇంత ఉండాలంటారు. ముందుగా ధరావతు కట్టాలంటారు. ఏడాది సరఫరా మొత్తం ఒకే లాటుగా పెడతారు, దాంతో కుట్టుమిషన్ ఆవిడ దాని దరిదాపులకు కూడా రాలేదు. అన్నీ దాటి ఎవరైనా పని దక్కించుకున్నా బిల్లు పాసయ్యేసరికి నెలలు పడుతుంది, ఈలోపు బట్ట కొన్న అప్పుకి వడ్డీ పెరుగుతుంది.

ఇవి మార్చగలిగినవే. పెద్ద కాంట్రాక్టును చిన్న లాట్లుగా విడగొట్టమని, చిన్న మొత్తాలకు ధరావతు మినహాయించమని, బిల్లు నెల లోపు చెల్లించమని అడగండి. కొన్నిటికి చట్టం, నియమాలు అడ్డు రావచ్చు. అప్పుడు ఏ నియమం అడ్డమో రాతపూర్వకంగా చెప్పమనండి. మీవైపు నుంచి కుట్టుపనివాళ్లు పదిమంది కలిసి సహకార సంఘంగానో, ఉమ్మడి సంస్థగానో నమోదైతే ఒక్కరికి అందనిది పదిమందికి అందుతుంది. నాణ్యతలో మాత్రం రాజీ పడొద్దు. మనవాళ్లే కదా అని నాసిరకం సరుకు ఒక్కసారి వెళ్లిందంటే ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు.

శిక్షణ కేంద్రం గురించి కుర్రాళ్లకు నొప్పి కలగకుండా చెప్పాలి, ఎందుకంటే వాళ్ల ఆశ నిజమైనది. శిక్షణ మంచిదే, కాకపోతే అది ఆర్డరు వెనకాల రావాలి. ఆసుపత్రి పరికరాల రిపేరు కాంట్రాక్టు వార్డుకి వస్తుందని తేలితే, ఆ పని నేర్పే కోర్సు పెట్టండి. ఉద్యోగం ఇచ్చే సంస్థ పేరు, ఖాళీల సంఖ్య ముందు రాసి ఉన్న కోర్సుకే నిధి ఖర్చు పెట్టాలని షరతు పెట్టండి. అది లేకుండా భవనం కడితే సర్టిఫికెట్ పట్టుకుని మళ్లీ అదే బస్సెక్కాల్సి వస్తుంది. ఆ బస్సు కూడా ఒక ప్రాధాన్యమే, చెబుతాను.

ఫ్యాక్టరీ విషయంలో ఒక జాగ్రత్త. పరిశ్రమను రప్పించాలంటే పన్ను మినహాయింపు ఇవ్వాలని ఎవరో ఒకరు అంటారు. బ్రిటన్ 1981 నుంచి వెనకబడ్డ ప్రాంతాల్లో ఎంటర్‌ప్రైజ్ జోన్లు పెట్టి ఇదే చేసింది. తర్వాత పరిశీలిస్తే, అక్కడికి వచ్చిన ఉద్యోగాల్లో చాలావరకు పక్క వీధుల నుంచో, పక్క పట్టణాల నుంచో తరలి వచ్చినవే. మినహాయింపు లాభంలో పెద్ద వాటా అద్దెల రూపంలో స్థలాల యజమానులకు చేరింది. తనంతట తాను ఎవరైనా వస్తానంటే వద్దనక్కర్లేదు. మీ నిధిలోంచి మాత్రం దానికి ఎర వేయొద్దు.

బస్సు సంగతి. కొలంబియాలోని మెడెలిన్‌లో కొండవాలు మీది పేద పేటలకు 2004లో కేబుల్ కారు వేసి నగర మెట్రోతో కలిపారు. చాలామంది ఆ కేబుల్ కారు ఫొటో చూపించి ఊరుకుంటారు. దానితోపాటు అదే పేటల్లో గ్రంథాలయాలు, బడులు, చిన్న వ్యాపారులకు సలహా ఇచ్చే కేంద్రాలు కూడా కట్టారన్నది చెప్పరు. మీకు కేబుల్ కారు అవసరం లేదు. షిఫ్టు పనివాళ్లు వెళ్లే, తిరిగొచ్చే వేళల్లో బస్సు ఉందా, బస్టాప్ నుంచి వెలుతురున్న దారి మెయిన్ రోడ్డు దుకాణాల ముందు నుంచి వెళ్తోందా అన్నవి చూడండి చాలు. బస్టాప్ వంద గజాలు జరిగితేనే దుకాణాల గిరాకీ మారిపోతుంది. ఖర్చు దాదాపు లేని పని ఇది.

కాంప్లెక్స్ వద్దంటే వ్యాపారులు అలుగుతారు. వాళ్లకి చూపించడానికి టొరంటోలోని బ్లూర్ వెస్ట్ విలేజ్ ఉంది. మాల్స్ తమ గిరాకీ లాక్కుంటున్నాయని అక్కడి వీధి వ్యాపారులు 1970లో ఒక ఏర్పాటు చేసుకున్నారు. వీధిలోని వ్యాపారాలన్నీ తప్పనిసరిగా కొంత అదనపు పన్ను కట్టాలి, దాన్ని నగరం వసూలు చేసి వ్యాపారుల మండలికే ఇవ్వాలి. దాంతో దీపాలు, చెట్లు, బెంచీలు, ప్రచారం. తర్వాత ఈ పద్ధతి ఎన్నో దేశాలకు పాకింది. తప్పనిసరి కావడమే దీని బలం, లేకపోతే నలుగురు కడతారు, నలభై మంది వెలుతురు అనుభవిస్తారు. కాకపోతే మండలి స్థలాల యజమానుల చేతిలోకి పోతే తోపుడుబండ్లవాళ్లను తరిమే సంస్థగా మారే ప్రమాదం ఉంది. కాబట్టి అద్దె దుకాణదారులకు, బండ్లవాళ్లకు అందులో ఓటు ఉండాలి.

ఓటు మాటొచ్చింది కాబట్టి మీ సంఘం గురించి కూడా అడుగుతాను. జాబితా రాసేవాళ్లలో అద్దెకుండేవాళ్లు ఎందరు? బోస్టన్ నగరంలోని డడ్లీ స్ట్రీట్ ప్రాంతంలో 1980ల మొదట్లో మూడో వంతు స్థలం ఖాళీగా పడి ఉండేది. ఇళ్లు తగలబడేవి, బయటి లారీలు వచ్చి చెత్త పోసేవి. మంచి ఉద్దేశంతోనే కొన్ని సంస్థలు అభివృద్ధి బోర్డు ఒకటి తయారుచేసి, జనాన్ని పిలిచి వినిపించాయి. మా పేట గురించి తీర్మానించే బోర్డులో మా పేటవాళ్లు ఇంత తక్కువా అని వాళ్లు సభలోనే నిలదీశారు. నిర్మాణం మార్చి నివాసులకే మెజారిటీ ఇచ్చారు. అలా ఏర్పడిన సంస్థ 1986లో చేపట్టిన మొదటి పెద్ద పని ఏమిటో చూడండి: మా మీద చెత్త పోయొద్దు అన్న ఉద్యమం. అక్రమ చెత్త కేంద్రాలు మూతపడ్డాక జనానికి నమ్మకం వచ్చింది. ఆ నమ్మకంతోనే 1988లో ఖాళీ స్థలాలను సేకరించే అధికారాన్ని నగరం నుంచి సంపాదించారు. ఒక పేట సంస్థకు ఇలాంటి అధికారం దక్కడం మామూలు విషయం కాదు.

ఆ స్థలంతో ఏం చేశారన్నదే మీ అద్దెల టెన్షన్‌కి సమాధానం. భూమిని ఒక సామాజిక ట్రస్టు పేరిట పెట్టారు. ఈ పద్ధతి అమెరికాలోని జార్జియాలో 1969లో నల్లజాతి రైతుల కోసం మొదలైంది. ఇందులో ఇల్లు కొన్నవాళ్లకు కట్టడం మీద హక్కు ఉంటుంది, భూమి మాత్రం దీర్ఘకాలపు లీజు, సాధారణంగా 99 ఏళ్లు. అమ్ముకోవచ్చు, కానీ ఎంత లాభానికి అమ్మాలో పరిమితి ఉంటుంది. దాంతో పేట ఎంత బాగుపడినా ఆ ఇళ్లు మామూలు సంపాదన ఉన్నవాళ్లకు అందుబాటులోనే ఉంటాయి.

మీరు అంత దూరం ఇప్పుడే వెళ్లలేకపోవచ్చు. కానీ ఈ రెండు నెలల్లో చేయగలిగినవి ఉన్నాయి. మూతపడ్డ మిల్లు స్థలం ఎవరి పేరిట ఉందో, వార్డులో నగరపాలక సంస్థకు చెందిన ఖాళీ స్థలాలు ఎన్నో రికార్డులు తీయించండి. వాటిని అమ్మకూడదు, లీజుకే ఇవ్వాలి అన్న వాక్యం మీ పత్రంలో మొదటి పేజీలో పెట్టండి. దుకాణాల ముందుభాగం బాగుచేయడానికి నిధి ఖర్చవుతుంటే, ఆ స్థల యజమాని ఇన్నేళ్లు అద్దె ఇంతకు మించి పెంచనని సంతకం చేయాలి, లేదంటే ఆ షట్టర్‌కి నిధి లేదు. ఇప్పుడున్న అద్దెదారులు, దుకాణదారులు, బండ్లవాళ్ల పేర్లు, ఎన్నాళ్లుగా ఉంటున్నారో, ఎంత అద్దె కడుతున్నారో రాసి, తేదీ వేసి భద్రం చేయండి. ఎవరినైనా ఖాళీ చేయించే రోజు వస్తే మీ చేతిలో ఉండే ఆధారం అదే.

సంఘంలో మొదటి వారం చర్చ పెట్టకండి, సర్వే చేయండి. ప్రతి ఇంటికీ రెండే ప్రశ్నలు: నెల ఖర్చులో వార్డు బయట కొంటున్నవి ఏమిటి, ఎందుకు బయట కొంటున్నారు? ప్రతి దుకాణానికీ రెండే ప్రశ్నలు: రోజులో ఎన్ని గంటలు ఏ కారణంగా మూస్తున్నారు, సరుకు ఎక్కడినుంచి తెస్తున్నారు? కుర్రాళ్లను పంపండి, ఇంటింటికీ తిరిగితే వాళ్లే ఏ శిక్షణ కావాలో తేల్చుకుంటారు. కాగితాలు గోడకి అంటించి అందరి ముందూ లెక్కపెట్టండి. షాపింగ్ కాంప్లెక్స్ కావాలన్నవారు కూడా ఆ లెక్క దగ్గర కూర్చుంటారు, వాదన చాలావరకు అక్కడే తగ్గుతుంది. పెద్ద సంస్థల కొనుగోళ్ల వివరాలకు మాత్రం మొదటి రోజే దరఖాస్తు పెట్టండి, సమాధానం రావడానికి సమయం పడుతుంది.

పత్రం రాసేటప్పుడు ప్రతి పని పక్కనా ఇంకో గడి గీయండి: దీన్ని ఏటా ఎవరు చూసుకుంటారు, ఆ డబ్బు ఎక్కడిది? కాలువలో పూడిక తీయడానికి, దీపాల బల్బులు మార్చడానికి, పిల్లల కేంద్రంలో ఆయా జీతానికి ప్రత్యేక నిధి పనికిరాదు, అది ఒకసారి వచ్చి పోయేది. వీటిని నగరపాలక సంస్థ ఏటి బడ్జెట్‌లో చేరుస్తామని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఆ గడి ఖాళీగా ఉన్న పనిని, అది ఎవరికి ఎంత ఇష్టమైనదైనా, ఈ విడతలో జాబితాలోకి రానివ్వకండి.